మొదలు తవ్వని చెట్టు

ఆ రోజు మామిడితోటలో ఏసోబు ఒంటిమీద పడ్డ దెబ్బలన్నీ మా మేనమామవే అని మా చుట్టుపక్కల అందరూ అనుకునేవారు. మా మేనమామ కూడా అలాగే అనుకునేవాడు.

ఒకటి నాది.

ఈ రెండు మాటలు రాయడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. మాటకి ఐదున్నరేళ్ళు. నా పనితీరు మొదటినుంచీ ఇంతే. బరువు మోశాను అని రాద్దామనుకున్నాను గాని, బరువు మోసేవాడు ఎక్కడో ఒకచోట దించి చెమట తుడుచుకుంటాడు. నేను దించలేదు. దించితే కింద పడ్డదేమిటని ఎవరైనా అడుగుతారని భయం. భోజనం చేశాను, పెళ్ళి చేసుకున్నాను, ఉగాదికి చొక్కాలు కుట్టించుకున్నాను, నలుగురినీ నవ్వించాను. మా బంధువుల్లో నేను సరదా మనిషిని. శుభకార్యాల్లో నా చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చుంటారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే సగంలోనే నన్ను వెనకేసుకొస్తారు.

నేను ఉద్యానశాస్త్రం చదివాను. పట్టా గోడకుంది. చదువయ్యాక నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే దారిలో, రోడ్డుకి కాస్త లోపల, మా నాన్న స్థలంలో మామిడి నర్సరీ పెట్టాను. నర్సరీ అంటే పెద్దగా ఏమీ లేదు. ఒక బోరు, ఆకుపచ్చ వల కట్టిన నాలుగు పందిళ్ళు, మట్టి నింపిన ప్లాస్టిక్ సంచులు, నా పేరుకి ముందు ఏమీ లేకపోయినా వెనక డిగ్రీ రెండక్షరాలున్న ఒక బోర్డు.

అంటు కట్టేది ఏసోబు. ఈ ప్రాంతంలో అతని చేతి అంటు అంటే అడిగి తీసుకునేవాళ్ళు. ఎండకి నల్లబడ్డ సన్నటి మనిషి, ఆదివారం తప్ప రోజూ ఒకే రంగు చొక్కా. కత్తిని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని మోపెడ్ మీద వచ్చేవాడు. ఆ కత్తిని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను ఒకసారి పెన్సిలు చెక్కుకున్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మామిడి సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. చిన్నరసం తిని ఆ టెంక పాతితే చిన్నరసం చెట్టు రాదు. ఏదో ఒక మామిడి వస్తుంది. పులుపో, పీచో, దేవుడికే తెలియాలి, ఆయనకి కూడా కాపు వచ్చాకే తెలుస్తుందనుకుంటా. అందుకని ముందు టెంకలు పాతి మొక్కలు లేపుతాం. ఏడాది తిరిగాక ఆ మొక్క తల నరికి, మంచి తల్లిచెట్టు నుంచి కోసుకొచ్చిన పుల్లను ఆ కోతలో దించి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి ముడివేస్తాం. వేరు ఒకరిది, తల ఇంకొకరిది. పుల్ల చిగురిస్తే పట్టీ విప్పేస్తాం. పుల్ల ఎండిపోతే, కింద టెంక మొక్క తనంతట తాను పక్కనుంచి చిగురు వేస్తుంది. అది కూడా పచ్చగానే ఉంటుంది. ఆకు చూసి చెప్పడం కష్టం. వంగి మొదలు చూస్తే, చిగురు కోతకి కింద లేచిందో పైన లేచిందో పసిపిల్లవాడైనా చెబుతాడు.

అంటు కట్టడం నాకు రాలేదు. టెంకలు ఎంచడం మాత్రం వచ్చింది. అది ఏసోబు నేర్పిన పని. వేసవిలో తాండ్ర చేసేవాళ్ళ పెరళ్ళలో టెంకలు గుట్టలుగా పోసి ఉంటాయి. ఈగలు, పులిసిన వాసన, కాళ్ళకి అంటే జిగురు. ఆ గుట్ట పక్కన నీళ్ళతొట్టి పెట్టుకుని కూర్చోవాలి. నాటు కాయల టెంకలే ఏరాలి. నీళ్ళలో వేస్తే మునిగినవి ఉంచాలి, తేలినవి పారెయ్యాలి. పై పెంకు చీల్చి లోపలి జీడిలో పురుగు తొలిచిందేమో చూడాలి. ఆరితే చచ్చిపోతుంది కాబట్టి తడి ఉండగానే పాతాలి, వంపు పైకి ఉండేలా. కాలేజీలో నాలుగేళ్ళు చెప్పిన విషయాన్ని ఏసోబు ఒక పూటలో చెప్పాడు. ఇప్పటికీ నాకు బాగా వచ్చిన పని ఇదొక్కటే. మునిగేదాన్నీ తేలేదాన్నీ వేరు చెయ్యడం. నవ్వొస్తుంది కదా. నాకూ వచ్చేది.

ఆ సంవత్సరం మా మేనమామ తన ఐదెకరాల్లో చిన్నరసాలు పెడతానన్నాడు. రెండువందల మొక్కలు. "అల్లుడి చేతి మొక్కలే పెడతాను" అని ఊరంతా చెప్పుకున్నాడు. శ్రావణంలో ఏసోబు నాలుగు రోజులు కూర్చుని రెండువందల ఎనభై కట్టాడు, పోయేవి పోగా సరిపోతాయని. నీలంరంగు పట్టీ. ఎరువుల గోతంలో లోపలి సంచిని చీల్చి తనే పట్టీలు కోసుకునేవాడు. అందరూ ముడి కుడివైపుకి వేస్తే అతను ఎడమవైపుకి తిప్పి లోపలికి దూర్చేవాడు. కట్టడం అయ్యాక లేచి నడుము సవరించుకుని, ఇక్కడినుంచి మీ పని బాబూ, పది రోజులు తడి ఆరనివ్వకండి, అన్నాడు. వేరే నర్సరీకి వెళ్ళిపోయాడు.

నేను స్నేహితుడి పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళి ఒక్కరోజే. నేను పది రోజులున్నాను. ఎందుకున్నాను? ప్రత్యేకంగా కారణమేమీ లేదు. పేకాట బాగుంది, వంటవాడు మంచివాడు. ఆ పది రోజులూ వాన మొహం చాటేసింది. బోరు మోటారు ఆడించమని ఎవరికైనా చెప్పి వెళ్ళానా అంటే, చెప్పాననే అనుకున్నాను. ఎవరికి చెప్పానో ఇప్పటికీ గుర్తురాలేదు.

తిరిగొచ్చేసరికి పుల్లలు నల్లబడ్డాయి. గోటితో గీరితే లోపల గోధుమరంగు. ఒకటీ రెండూ కాదు, దాదాపు అన్నీ. ఆ సాయంత్రమే మామయ్యకి చెప్పి ఉంటే ఏమయ్యేది? తిట్టేవాడు. నెల్లాళ్ళు నామీద జోకులు పడేవి. మళ్ళీ ఏడాది కట్టించేవాళ్ళం. అంతే. ఆలోచించి చూస్తే అంతకన్నా ఏమీ జరిగేది కాదు. కాని నాకప్పుడు పాతికేళ్ళు. బోర్డు మీద రెండక్షరాలున్నాయి. నవ్వించేవాడికి తనమీద నవ్వు పడటం ఎంత కష్టమో, నవ్వేవాళ్ళకి తెలియదు.

వారం తరవాత వానలు పట్టాయి. కిందనుంచి చిగుళ్ళు లేచాయి. ఎర్రగా, నున్నగా, బ్రహ్మాండంగా. వచ్చే తొలకరికి మోకాలెత్తు మొక్కలు. నేను చేసిన పనల్లా, కొమ్మల కత్తెర తీసుకుని ఒక్కొక్క ఎండుపుల్లనీ పట్టీ దగ్గర కత్తిరించడం, దొరికిన పట్టీనల్లా కోసి తీసెయ్యడం. రెండు మధ్యాహ్నాలు పట్టింది. అంత శ్రద్ధగా నేను అంతకుముందు ఏ పనీ చెయ్యలేదు. పరాయివాళ్ళకి వాటిని అమ్మలేదు. నిజాయితీ వల్ల కాదు. పరాయివాళ్ళు వంగి చూస్తారు. మామయ్య చూడడు. మేనల్లుడి మొక్క మొదలు ఎవరు చూస్తారు?

ఇంకొక పని కూడా చేశాను. నాటే రోజు తోటకి వెళ్ళి, గోతుల్లో జానెడు లోతుగా దించమన్నాను. అంటు ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి. మొదటి ఏడాది మొదటి నెలలో చెప్పే పాఠం అది. "లోతుగా పెడితే గాలివానకి నిలుస్తుంది మావయ్యా, కొత్త పద్ధతి" అన్నాను. మామయ్య ఆ కొత్త పద్ధతి గురించి చుట్టుపక్కల రైతులందరికీ చెప్పాడు. ఒకరిద్దరు పాటించారు కూడా. వాళ్ళకి కూడా నేను క్షమాపణ బాకీ.

ఆ వానాకాలం ఏసోబు మళ్ళీ వచ్చినప్పుడు అడిగాడు, మామయ్యగారి రసాలు ఎన్ని పట్టాయి బాబూ అని. దాదాపు అన్నీ అన్నాను. అతని మొహం వెలిగింది. ఆ ఆదివారం చర్చిలో చెప్పుకున్నాడట, రెండువందల ఎనభైలో పోయినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చని.

అంట్లయితే నాలుగో ఏటికి కాయ చూపిస్తాయి. ఇవి చూపలేదు. ఐదో ఏడు అడిగాడు మామయ్య. నేల బలం ఎక్కువ, చెట్టు ముందు ఒళ్ళు పెంచుకుంటుంది అన్నాను. ఆరో ఏడు అడిగాడు. పూత సమయంలో మంచు ఎక్కువైంది అన్నాను. ఈ మధ్యలో ఆయన కూతురితో నాకు పెళ్ళయింది. మేనల్లుడు కాస్తా అల్లుడయ్యాడు. ఇక ఏం చెప్పినా నమ్మాలి. ఏడో ఏడు తోటంతా కాసింది. నేను దేవుణ్ణి పెద్దగా పట్టించుకోను గాని, ఆ సంవత్సరం పూత రాలిపోవాలని మొక్కుకున్నాను.

మే నెల. పొద్దున పదిన్నర. మామయ్య కబురు పెడితే వెళ్ళాను. తోటలో గోనెపట్టా పరిచి దానిమీద కాయలు కోసి పెట్టాడు. ఏ రెండూ ఒకలా లేవు. ఒకటి గుండ్రం, ఒకటి ముక్కుతో, ఒకటి పండినా ఆకుపచ్చే. ఒక్కొక్కటీ కొరికి ఉమ్మేస్తున్నాడు. గడ్డం మీద పీచు వేలాడుతోంది. ఏమీ మాట్లాడలేదు. మామయ్య అరుస్తుంటే భయం లేదు, ఎద్దుల్ని కూడా అలాగే అరుస్తాడు. మాట్లాడకపోతే దూరంగా నిలబడాలి. ఏడేళ్ళు. ఐదెకరాలు. ఊరంతా చెప్పుకున్న పేరు. ఇవన్నీ నములుతున్నాడు.

ఏసోబు మోపెడ్ దిగి నవ్వుతూ వచ్చాడు. అంటు పనికి పిలిచారనుకున్నాడు. జేబులో కత్తి ఉంది, గుడ్డలో చుట్టి. కాయలు కోసే ఇద్దరు కూలీలు మామయ్య మొహం చూసి అప్పటికే గట్టు దాటిపోయారు. ఇక మేం ముగ్గురమే. ఏసోబుదీ మామయ్యదీ ఇంచుమించు ఒకటే వయసు. ఒకరు అయ్యగారు, ఇంకొకరు ఒరే. అది మా దగ్గర ఎవరూ గమనించే విషయం కాదు. నేనూ గమనించలేదు, ఈ వాక్యం రాసేదాకా.

ఆ తరవాతి మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి.

"ఏరా ఏసోబూ, చిన్నరసాలంటే ఇవేనంట్రా?"

ఏసోబు ఒక కాయ తీసి వాసన చూశాడు. "ఇవి రసాలు కాదండయ్యగారూ. టెంక మొక్కల కాయలండి ఇవి."

"మరి నువ్వు కట్టింది ఏంటి? నీ మొహమా?"

"నేను రసాలే కట్టానండి. ఆ పుల్లలు నా చేత్తో కోసుకొచ్చాను. ఇయ్యి నా అంట్లు కావండి." చెట్టు దగ్గరికి వెళ్ళి వంగాడు. మట్టిని చేత్తో గీకాడు. "మొదలు బాగా కిందకి దించేశారండి. గునపం ఇప్పించండి. రెండు జానలు తవ్వితే అంతా తెలిసిపోద్ది."

మామయ్య నా వైపు తిరిగాడు. "ఏం అల్లుడూ. చదువుకున్నోడివి. తవ్వమంటావా?"

గునపం అక్కడే ఉంది. పాదుల్లో దిగేసి ఉంది. నాకు పది అడుగులు, అంతే. అయిదు నిమిషాల పని. ఏసోబు నా మొహం చూస్తున్నాడు. బతిమాలుతూ కాదు. నమ్మకంగా. టెంకలు ఎంచడం నేర్పినవాడు నేర్చుకున్నవాణ్ణి చూసినట్టు.

"అవసరం లేదు మావయ్యా," అన్నాను. "పుల్లలు కోసుకొచ్చింది తనేనని తనే చెబుతున్నాడుగా."

చూడండి ఆ వాక్యం. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నా చదువు వృథా పోలేదు.

మామయ్య చిక్కం కర్ర తీశాడు. కాయలు కోసే పొడవాటి వెదురు, చివర వలసంచి ఉంటుంది. సంచిని పీకి అవతల పారేసి, కర్రని మోకాలికి వేసి సగానికి విరిచాడు. మొదటి దెబ్బ వీపు మీద. చొక్కా చిరిగింది. రెండోది మెడకీ భుజానికీ మధ్య. మూడోదానికి ఏసోబు మోకాళ్ళ మీద పడ్డాడు. పడ్డాక కాళ్ళ మీద కొట్టాడు, పిక్కల మీద, లేవకుండా. వెదురు చివర చీలి పేళ్ళు లేచాయి, అవి చర్మాన్ని గీసుకుంటూ వస్తున్నాయి. గోనెపట్టా మీది కాయలు నలిగి రసం చిందింది, ఆ రసంలో అతని మొహం. "మొదలు చూడండయ్యా" అంటూనే ఉన్నాడు. అరవలేదు. చెబుతున్నాడు, ప్రతి దెబ్బకీ మధ్యలో, పని నేర్పేవాడి గొంతుతోనే. అదే నాకు భరించలేకపోయింది.

మామయ్య ఆయాసపడుతూ ఆగాడు. కర్ర నా చేతిలో పెట్టాడు.

"నీ నర్సరీ పేరు మట్టిలో కలిపాడు. ఊరికే నిలబడతావేంటి?"

నేను కొట్టాను.

ఇన్నేళ్ళలో ఈ ఒక్క దెబ్బకి చాలా కారణాలు తయారుచేసుకున్నాను. మెల్లగా కొడితే మామయ్యకి అనుమానం వస్తుందని గట్టిగా కొట్టాననేది మొదటిది. చాలాకాలం దానితో గడిచింది. అది నిజం కాదు. భయపడ్డవాడి చెయ్యి అలా లేవదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద? నిజం చెబుతున్నవాడి మీద. ఏడేళ్ళుగా నేను జానెడు మట్టికింద దాచినదాన్ని, వీడు గునపం ఇవ్వమని అంత మామూలుగా అడుగుతాడా? నోరు మూసుకుంటే దెబ్బలు తిని పోయేవాడు కదా, ఇంకా మొదలూ మొదలూ అంటాడేమిటి? నేను అతన్ని కొట్టలేదు. ఆ మాటని కొట్టాను. కాని మాటకి ఎముకలుండవు.

తలమీదికి వస్తుందనుకుని ఏసోబు కుడిచెయ్యి పైకెత్తాడు. వేళ్ళు విప్పి ఉన్నాయి. కర్ర బొటనవేలి మొదట్లో పడింది. పచ్చి పుల్లని విరిస్తే వచ్చే చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు నర్సరీలో రోజుకి వందసార్లు వింటాం. ఏసోబు అప్పుడు మాట్లాడటం ఆపాడు. చెయ్యి ముందుకి తెచ్చుకుని చూసుకున్నాడు. బొటనవేలు ఉండవలసిన వైపు లేదు.

మామయ్యకి అది కనబడలేదు. కర్ర నా చేతిలోంచి లాక్కుని ఇంకో అయిదారు వేశాడు. నా దెబ్బ ఆ దెబ్బల్లో కలిసిపోయింది. గుంపులో దూరిపోయినట్టు. ఆ తరవాత ఊళ్ళో ఎవరు చెప్పుకున్నా, ఆయనే కొట్టాడు, ఆయనే చెయ్యి విరగ్గొట్టాడు. మామయ్య కోపం అందరికీ తెలుసు. నా సరదా అందరికీ తెలుసు. ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? అతని జేబులోంచి కత్తి జారి రసంలో పడి ఉంది. తీసి, తుడిచి, గుడ్డలో చుట్టి జేబులో పెట్టాను. ఆ రోజు నేను చేసిన మంచిపని అది. రాసుకోవాలిగా.

ఆస్పత్రిలో చెట్టు మీదినుంచి పడ్డానని చెప్పాడు ఏసోబు. ఆ మాట మేం చెప్పమనలేదు. చెప్పవలసిన అవసరం అతనికి తెలుసు. ఎముక అతుక్కుంది, వేలు వంగలేదు. అంటు కత్తిని నడిపేది బొటనవేలే. మిగతా నాలుగూ పట్టుకోవడానికి. ఒకవేళ వేలు బాగుపడినా పిలిచేవాళ్ళు లేరు. రసాలని చెప్పి నాటు అంటగట్టినవాడు అని పేరు పడింది. ఆ పేరు మైలవరం దాకా పోయింది, అటు ఉంగుటూరు దాకా పోయింది. పేరు వెళ్ళినంత వేగంగా మా ఆర్టీసీ బస్సు ఎప్పుడూ వెళ్ళలేదు.

వారం తిరక్కుండా తోటంతా నరికించాం. నరికించాం కాదు, నరికించాను. మామయ్య తలలు కొట్టించి అంటు మార్పిద్దామన్నాడు, అది తెలివైన మాట. నేనే వద్దన్నాను. వేళ్ళతో సహా పెకిలించాలన్నాను, తెగులు ఉంటుందేమో అన్నాను. మరరంపం రెండు రోజులు అరిచింది. కాయలతో ఉన్న చెట్లు పక్కకి ఒరిగి, కాయలు టపటపా నేలకి కొట్టుకుని పగిలేవి. పాలు కారే మొదళ్ళని పొక్లెయిన్ పళ్ళతో లాగి, గుంటలో కుప్పేసి, తగలబెట్టాం. పచ్చికట్టె సరిగా అంటుకోదు. మూడు రోజులు పొగ. నా కళ్ళు మండాయి, నీళ్ళు కారాయి. జనం నేను బాధపడుతున్నాననుకున్నారు. పాపం మావయ్య తోట కోసం అల్లుడు, అనుకున్నారు.

ఒక్క చెట్టు ఉంచమంది మా ఆవిడ. కంచె మూలన ఉన్నది. కాయ గట్టిగా, పుల్లగా, పీచుతో ఉంది, ఆవకాయకి దానికి మించింది లేదంది. కాదనడానికి నా దగ్గర పట్టా చాలలేదు. అప్పటినుంచి ప్రతి వేసవీ మా ఇంట్లో ఆ చెట్టు ఆవకాయే. చుట్టాలు సీసాల్లో అడిగి పట్టుకెళతారు. చాలా బాగుంటుంది. అదే ఇబ్బంది. ఏడాదికి రెండుసార్లు నేను తోటకి వెళ్ళి దాని మొదట్లో మట్టి ఎగదోసి వచ్చేవాణ్ణి. వేరుకి గాలి ఆడకూడదని చెప్పేవాణ్ణి. వేరుకి గాలి ఆడాలి.

ఏసోబు ఇప్పుడు టెంకలు ఏరతాడు. నర్సరీలవాళ్ళ కోసం. ఎడంచేత్తో చెయ్యగలిగిన పని అది. కుడిచెయ్యి తొట్టి అంచు మీద పెట్టుకుంటాడు, ఆ వేలు పక్కకి చాపి ఉంటుంది, దారి చూపిస్తున్నట్టు. వేసవిలో అదే గుట్ట దగ్గర నాకు ఎదురవుతాడు. నాకు వెళ్ళకుండా ఉండే వీలుంది, మనిషిని పంపొచ్చు. వెళ్ళేవాణ్ణి. ఎందుకు వెళ్ళేవాణ్ణో? శిక్ష అనుకుని వెళ్ళానా, అతను ఏమీ అనడం లేదని ఏటేటా నిర్ధారించుకోవడానికి వెళ్ళానా? రెండోదే అయ్యుంటుంది. నమస్కారం బాబూ అనేవాడు. మంచి టెంక దొరికితే నా వైపు తోసేవాడు, ఇది మీరు తీసుకోండి అని. తీసుకునేవాణ్ణి.

ఇన్నేళ్ళూ మొక్కజొన్న వేసిన ఆ ఐదెకరాల్లో ఈ వేసవిలో మామయ్య పామాయిల్ వేస్తానన్నాడు. ఇప్పుడు మా వైపు చాలామంది మామిడి తీసేసి అదే వేస్తున్నారు. కంచె మూల చెట్టు కూడా తీసెయ్యాలి. సోమవారం పొక్లెయిన్ వస్తుందన్నాడు.

నేను ఊపిరి పీల్చుకోవాలి కదా. ఆ చెట్టు పోతే ఏసోబు చెప్పింది నిజమని చూపించేది భూమ్మీద ఇంకేమీ ఉండదు. పదకొండేళ్ళుగా నేను కోరుకున్నది అదే. మరి ఆదివారం పొద్దున గునపం పట్టుకుని తోటకి ఎందుకు వెళ్ళానో నాకు తెలియదు. పెద్ద మార్పు ఏదీ రాలేదు నాలో. టిఫిను కూడా తిని వెళ్ళాను. బహుశా, ఆ చెట్టుతోపాటు పోయేది ఏసోబు మాట ఒక్కటే కాదు, నేను ఎప్పటికైనా చెబుతాననే నా నమ్మకం కూడా అనిపించిందేమో.

తవ్వాను. నేను ఎగదోసిన మట్టి కాబట్టి ఎక్కువసేపు పట్టింది. రెండు జానల కింద మాను మోచెయ్యిలా వంకర తిరిగి ఉంది. ఆ వంకర దగ్గర బెరడులో కూరుకుపోయి, వేలెడు ఎండుమొద్దు. చెదలు లోపలంతా తినేశాయి. చుట్టూ నీలంరంగు పట్టీ. ఆ రెండు మధ్యాహ్నాల్లో నా కత్తెరకి దొరకనిది. రంగు కూడా పెద్దగా పోలేదు. ముడి ఎడమవైపుకి తిరిగి, కొస లోపలికి దూర్చి ఉంది.

మామయ్య అప్పుడే వచ్చాడు, చేతికర్రతో. డెబ్బై దాటాడు, నడక తగ్గింది. ఏం తవ్వుతున్నావని అడిగాడు. చెప్పాను. పెళ్ళి, పేకాట, కత్తెర, జానెడు లోతు, అన్నీ. ఆ వేలు విరిచిన దెబ్బ ఎవరిదో కూడా చెప్పాను. ఆయన వంగలేక వంగి చూశాడు.  లేచి చేతికర్రతో నా ముంజేతి మీద ఒక్కటి వేశాడు. ఉన్న బలమంతా పెట్టి. నాకు ఏమీ విరగలేదు. విరిగితే బాగుండునని అనుకున్నాను, అది కూడా సుఖం వెతుక్కోవడమే. రెండోది వేస్తాడని చూశాను. వెయ్యలేదు. గట్టు వైపు చూశాడు, ఎవరైనా ఉన్నారేమో అని.

"కప్పెయ్ అల్లుడూ," అన్నాడు.

అంతే అన్నాడు. తప్పులేనివాణ్ణి కొట్టిన చెయ్యి అది. దానికి కూడా మట్టే కావలసి వచ్చింది. ఆయన్ని నేను ఏమీ అనలేను. ఆ మాట నేను పదకొండేళ్ళు నాకు చెప్పుకున్నదే.

కప్పలేదు. జేబుకత్తితో పట్టీని, ముడి చెదరకుండా, పక్కన కోసి తీశాను.

మర్నాడు పొక్లెయిన్ చెట్టుని లాగేసే సమయానికి నేను తాండ్ర పెరట్లో ఉన్నాను. ఏసోబు తొట్టి దగ్గర కూర్చుని ఉన్నాడు. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు కాయలు పిండుతున్నారు, ఇద్దరు నర్సరీలవాళ్ళు బేరం చేస్తున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. ఆ ఆగడం ఏమిటో నాకు బాగా తెలుసు కాబట్టి ఆగలేదు. పట్టీని అతని ఎడంచేతిలో పెట్టాను. చెప్పాను. అందరికీ వినబడేలా చెప్పాను. క్షమించు అనలేదు. ఆ మాట అడిగితే జవాబు చెప్పే పని అతని మీద పడుతుంది. ఏమండీ అని పిలవాలనిపించింది, జీవితంలో మొదటిసారి. పిలిచాను. చాలా ఆలస్యంగా వచ్చిన మర్యాద, అక్కడ ఎవరికీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆడవాళ్ళు పిండటం ఆపారు. ఏసోబు తడిచేతిని లుంగీకి తుడుచుకుని పట్టీని వెలుతురుకి పట్టాడు. గోటితో కొస లాగి చూశాడు. రాలేదు.

"ముడి నాదే," అన్నాడు. నాతో కాదు. పక్కనున్న నర్సరీ ఆయనతో.

తరవాత దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, ఒకప్పుడు కత్తి పెట్టుకునే జేబులో. తొట్టి వైపు తిరిగాడు. ఒక టెంక తేలింది. తీసి అవతల పారేశాడు. ఇంకొకటి మునిగింది. దాన్ని తన గుట్టలో వేసుకున్నాడు, నా వైపు తొయ్యలేదు. నేను కాసేపు నిలబడ్డాను. ఎవరూ కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు. బయటికొచ్చి ఆటో ఎక్కాను.

మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఈ కాగితాలు బల్ల మీద ఉంచుతాను. ముందు మీరు చదివారు, తరవాత ఆవిడ చదువుతుంది. ఆవకాయ జాడీ ఇంకా సగం ఉంది. తేలికైందా అని అడిగితే ఏమో, తూచి చూడలేదు. ముంజేయి మీద దెబ్బ కమిలి నీలంగా ఉంది, రాస్తుంటే సలుపుతోంది. పట్టీ మాత్రం నా దగ్గర లేదు.